ఎడమవైపు బ్రాకెట్

మార్చి 1, 2007. గురువారం

ఇవాళ మా కార్‌పోర్ట్‌లో ఒక శవాన్ని దించారు. 1969 మస్టాంగ్ అట. ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద వచ్చింది. రిటైరై వెళ్ళిపోతున్న అమెరికన్ ఎవరో మా ఆయన ఉదయ్‌కి అమ్మాడు. కొంటున్నట్టు నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

తలుపు తీస్తే పిల్లి ఉచ్చ కంపు. వెనక సీటు చీల్చుకుని ఎలకలు కాపురం పెట్టాయి. ఉదయ్ ఆ సీటు మీదే కూర్చుని, ఎలా ఉంది అని అడిగాడు. ముందు ఆ చొక్కా విప్పి బయట బకెట్లో పడెయ్యి అన్నాను.

రెండు నెలలుగా నా బీరువా తలుపు తెరుచుకోకుండా అడ్డం పెట్టిన నాలుగు అట్టపెట్టెలు ఆఫీసువి కావని కూడా ఇవాళే తెలిసింది. వాటిలో ఉన్నది ఈ కారుకి పెట్టడానికి రేసు కార్ల తరహా వెనక సస్పెన్షన్. పాత కారు వెనక ఇరుసు రెండు కమాన్ కట్టల మీద ఉంటుంది, ఎడ్లబండి కంటే ఒక మెట్టు మేలు. వాటిని పీకేసి, ఇరుసుని నాలుగు కడ్డీలతో ఛాసీకి బిగించి, స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉండే కాయిలోవర్లు తగిలించాలి. అప్పుడు ఎంత గట్టిగా తొక్కినా వెనక చక్రాలు ఎగిరెగిరి పడవు.

ఇదంతా ఉదయ్ నాకు చెప్పాడు. చెన్నైలో మూడేళ్ళు సస్పెన్షన్ టెస్టింగ్‌లో పనిచేసినదాన్ని నేను. అతను ప్రాసెస్ ఇంజినీరు, రిఫైనరీలో పంపులు చూస్తాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా, చేతులు తిప్పుతూ చెప్పాడు. విన్నాను.

మార్చి 2. శుక్రవారం

ఉదయ్, అతని డిపార్ట్‌మెంట్ వాళ్ళు ముగ్గురు పొద్దుటి నుంచీ కారు చుట్టూ ఉన్నారు. పని చేసేది ఒకడు, సలహాలిచ్చేది ముగ్గురు. మధ్యాహ్నానికి కమాన్ కట్టలు ఊడాయి. తుప్పూ గ్రీజూ ఇసుకా కలిసిన నల్లటి ముద్దలు నేను నిన్న కడిగిన గచ్చు నిండా.

కిట్‌తో పాటు ముప్ఫై ఆరు పేజీల మాన్యువల్ వచ్చింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చింపలేదు. నేను చింపి చదివాను. వెల్డింగ్‌కి ముందు పెట్రోల్ ట్యాంకు దించమని నాలుగో పేజీలో ఉంది. బయటికి వెళ్ళి చెప్పాను. మేడమ్ కూడా మెకానికల్ అటగా అని ఒకతను అడిగాడు. అవును, ఇప్పుడు మిక్సీ మెకానికల్ అన్నాడు ఉదయ్. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా అతనే.

నా ఇకామా మీద, అంటే సౌదీలో ఉండటానికి ఇచ్చిన కార్డు మీద, పని చేయడానికి అనుమతి లేదని అరబిక్‌లో అచ్చేసి ఉంది. నోరు తెరవడానికి అనుమతి లేదని ఎక్కడా లేదు.

సాయంత్రం మాత్రం ట్యాంకు దించారు.

మార్చి 8. గురువారం

దారానికి నట్టు కట్టి వేలాడదీసి, గచ్చు మీద సుద్దతో గుర్తులు పెట్టి కొలిచాను. బ్రాకెట్లు వెల్డింగ్ చెయ్యాలని ఉదయ్ ఛాసీ మీద పెట్టుకున్న గుర్తుల్లో ఎడమది కుడిదానికంటే తొమ్మిది మిల్లీమీటర్లు ముందుకుంది. అలాగే అతికిస్తే కారు జన్మంతా పీతలా పక్కకి నడుస్తుంది. ఆ మాటే చెప్పాను. నీ టేపు తప్పు అన్నాడు.

నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా గుర్తుల ప్రకారం మార్చుకున్నాడు. తర్వాత స్నేహితుడికి ఫోన్లో చెబుతున్నాడు, నైన్ ఎమ్మెమ్ ఎర్రర్ పట్టుకున్నాను తెలుసా అని. వంటింట్లోంచి అంతా విన్నాను. కూర మాడుతోంది. మాడనిచ్చాను.

మార్చి 9. శుక్రవారం

వెల్డర్ వచ్చాడు. పేరు ఖాదర్ మొహిద్దీన్. ప్రొద్దుటూరు. ఇక్కడ ఒక కాంట్రాక్టర్ దగ్గర పైపు వెల్డింగ్. ఉదయ్ అతని ఫోర్‌మన్‌తో మాట్లాడి శుక్రవారాలకి రప్పించుకుంటున్నాడు. సొంత స్పాన్సర్ దగ్గర తప్ప బయట పని చేస్తే అతనికే ప్రమాదం. ఆ సంగతి ఉదయ్‌కి తెలుసు. మా కాలనీ గేటు దగ్గర గెస్ట్ అని రాయించాడు.

ఖాదర్ మొహిద్దీన్ కారు కిందికి దూరి పావుగంట బయటికి రాలేదు. వచ్చాక, ఈ గుర్తులు ఎవురు పెట్టినారు సార్ అని అడిగాడు. నేనే అన్నాడు ఉదయ్. పొద్దున్నే మళ్ళీ సరిచూశానేమో, నా వేళ్ళకి ఇంకా సుద్ద ఉంది. అతను నా చేతుల వైపు చూశాడు. శానా బాగా పెట్టినారమ్మా అన్నాడు. నాతోనే అన్నాడు.

ఇరుసు గొట్టానికి బ్రాకెట్ అతికించేటప్పుడు చుట్టూ ఒకేసారి వెల్డింగ్ పెట్టకూడదు, వేడికి గొట్టం వంకరపోతుంది. ఇటు రెండంగుళాలు పెట్టి ఆగుతాడు. అటు రెండంగుళాలు పెట్టి మళ్ళీ ఆగుతాడు. మధ్యమధ్య అరచెయ్యి దగ్గరగా ఉంచి వేడి చూసుకుంటాడు. ఇంత స్లోనా అన్నాడు ఉదయ్. నిదానంగానే చెయ్యల్ల సార్, దీనికి వేరే దోవ ల్యా అన్నాడతను.

చల్లారాక చూశాను. చేప పొలుసుల్లా, ఒకదాని మీద ఒకటి, సమంగా. ఈ దేశం వచ్చిన ఏడాదిన్నరలో ఇంత శుభ్రమైన పని చూడలేదు.

మార్చి 16. శుక్రవారం, మధ్యాహ్నం 12

ఇరుసు పని అయింది. ఛాసీకి కుడివైపు బ్రాకెట్ కూడా అయింది. ఎడమవైపు దగ్గర ఆగిపోయింది. ఖాదర్ మొహిద్దీన్ పైనున్న తారు పూత గీకి స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది. లోపలంతా తుప్పు.

దీన్ని కోసేసి కొత్త రేకు వెయ్యల్ల, వచ్చే శుక్రవారం మూడు ఎమ్మెమ్ రేకు నేనే తెస్తా అన్నాడు. కుదరదు, గురువారం అబ్దుల్ వహాబ్ చూడ్డానికి వస్తున్నాడు, ఇవాళే పెట్టెయ్ అన్నాడు ఉదయ్. అబ్దుల్ వహాబ్ అంటే ఉదయ్ పైఆఫీసరు, సౌదీ, హుఫూఫ్ మనిషి. కారు కొనేది ఆయనే. ఉదయ్ అప్రైజల్ రాసేది కూడా ఆయనే.

తుప్పు మీద నేను రాడ్ పెట్టను సార్, అది నిలబడదు, అని చెప్పి సామాను సర్దుకుని ఖాదర్ మొహిద్దీన్ నమాజుకి వెళ్ళిపోయాడు. అతని వెనక ఉదయ్ ఒక మాట అన్నాడు. రాయను.

అదే రోజు, సాయంత్రం 5

ఎవరి దగ్గరో వెల్డింగ్ మెషీన్ అడిగి తెచ్చాడు. తనే చేశాడు. ఆ తుప్పు మీదే. చిటపటలు తప్ప లోహం కరిగి పట్టుకున్నది లేదు. బ్రాకెట్ చుట్టూ పావురాల రెట్టల్లా ఉండలు. అతికినట్టు కనిపించడం వేరు, అతకడం వేరు, ఇది ఊడుతుంది అన్నాను. నీకు నేను చేసిన ప్రతిదీ తప్పే అన్నాడు. ఉండల్ని గ్రైండర్‌తో చదును చేశాడు. గుంటల్లో పుట్టీ నింపాడు. పైన నల్ల రంగు కొట్టాడు. ఇప్పుడు చూస్తే ఖాదర్ మొహిద్దీన్ పెట్టిన కుడివైపు దాని కంటే నున్నగా ఉంది.

రంగు వాసన ఇంట్లోకి వచ్చింది. అన్నం సయించలేదు.

మార్చి 18. ఆదివారం

అతను వెల్డింగ్ చేస్తున్నంత సేపూ కారు కింద టార్చి పట్టుకున్నది నేనే.

మార్చి 22. గురువారం

అబ్దుల్ వహాబ్ వచ్చాడు. మర్యాదస్తుడు. కారు చుట్టూ తిరుగుతుంటే ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ బాబాయికి ఇలాంటిదే ఉండేదట.

ఆయన భార్య జైనాబ్ నాతో వంటింట్లో కూర్చుంది. హుఫూఫ్‌లో ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. మంచి ఇంగ్లీషు. వాళ్ళ ఖర్జూరాలు ఒక డబ్బా తెచ్చింది. ఇద్దరు మగపిల్లలట, ఏడేళ్ళు ఒకడికి, అయిదేళ్ళు ఒకడికి. వెనక సీట్లో ఎవరు ఏ కిటికీ వైపు కూర్చోవాలో ఇప్పటికే కొట్టుకుంటున్నారని నవ్వుతూ చెప్పింది. పులిహోర ఎలా చేస్తారని అడిగి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళింది.

నేను పోపు గురించి చెప్పాను. ఎంతసేపు వేయించాలో చెప్పాను. బ్రాకెట్ గురించి చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక ఉదయ్‌తో అన్నాను, నువ్వు చెప్పకపోతే నేను చెబుతానని. నీ నోటి పుణ్యాన ఇద్దరం ఎగ్జిట్ కొట్టించుకుని ఇండియా పోదాం, సంతోషమా, అన్నాడు. అంతా అయ్యాక ఎప్పుడో సరిచేయిస్తాడట. ఆవిడ తెచ్చిన ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నాను. మింగలేక సింకులో ఉమ్మేశాను.

మార్చి 23. శుక్రవారం

ఖాదర్ మొహిద్దీన్ అన్నమాట ప్రకారం రేకు తెచ్చాడు. బరువైనది, భుజం మీద మోసుకొచ్చాడు. కారు కిందికి చూసి లేచి నిలబడ్డాడు. ఎవురు చేసినారు అన్నాడు. అయిపోయింది, నువ్వు వెళ్ళొచ్చు అన్నాడు ఉదయ్. సుత్తితో ఒక దెబ్బ కొట్టి చూస్తానన్నాడు. రంగు పోతుందని ఉదయ్ అతని చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు.

కోసి మళ్ళా చెయ్యల్ల సార్, మనుషులు ఎక్కే బండి ఇది, నా మాటినండి, అన్నాడు. ఎవరూ వినలేదు. రేకు గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

మార్చి 29. గురువారం

మధ్యాహ్నం మూడింటికి జరిగింది. బీచ్ వైపు, ఇంకా వాడకంలోకి రాని కొత్త రోడ్డు మీద. నడిపింది అబ్దుల్ వహాబ్, పక్కన ఉదయ్. ఒక్కసారి గట్టిగా తొక్కారట. ఎడమవైపు బ్రాకెట్ ఊడి, ఇరుసు అడ్డం తిరిగి, కారు ఇసుక గట్టుకి గుద్దుకుంది. అబ్దుల్ వహాబ్‌కి భుజం ఎముక విరిగింది. ఉదయ్‌కి నుదుటి మీద మూడు కుట్లు.

పిల్లలు లేరు. ముందు పెద్దవాళ్ళం చూసొస్తామని జైనాబ్ దగ్గర వదిలారట.

పిల్లలు లేరు అని మూడుసార్లు అడిగి తెలుసుకున్నాను.

మార్చి 31. శనివారం

ఉదయ్ హాస్పిటల్లోనే చెప్పేశాడు, వెల్డర్ తప్పని. అబ్దుల్ వహాబ్ ఎందుకు నమ్మడు? కారుకి వెల్డింగ్ చేసింది ఎక్స్-రే తీసినా అతుకులో లోపం దొరకని వెల్డర్ అని ముందు గొప్పగా చెప్పింది ఉదయే కదా.

ఖాదర్ మొహిద్దీన్ కంపెనీకి కబురు వెళ్ళింది. పర్మిషన్ లేకుండా బయట పని చేశాడు, పైగా ప్రమాదం. పంపించిన ఫోర్‌మన్ నాకేం తెలియదన్నాడు. పని ఆపేసి క్యాంపులో కూర్చోబెట్టారట. మళ్ళీ రాకుండా ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు తయారవుతున్నాయి.

ఇది నాకు చెబుతూ ఉదయ్ పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ఎలాగూ వాడి కాంట్రాక్ట్ వచ్చే ఏడు అయిపోతుంది, కాస్త ముందు వెళతాడు, అంతేగా, అన్నాడు. తర్వాత ఆవకాయ అడిగాడు.

ఇన్నాళ్ళూ కోపం అనుకున్నాను. కోపం కాదు ఇది. అతను తాగిన గ్లాసు పట్టుకోవాలంటే వేళ్ళు ముడుచుకుంటున్నాయి.

ఏప్రిల్ 1. ఆదివారం

ఫోన్ మోగింది. ఉదయ్ సెలవులో ఉన్నాడు, సోఫాలో నా ఎదురుగా. ఖాదర్ మొహిద్దీన్ గొంతు. అమ్మా, ఎడమపక్క బ్రాకెట్ నేను పెట్టలేదు గదమ్మా, మీరు చూసినారు గదా, ఒక మాట చెప్పండమ్మా, నన్ను పంపిచ్చేస్తాండారు, అన్నాడు.

ఉదయ్ టీవీ సౌండ్ తగ్గించి నా వైపు చూశాడు.

రాంగ్ నంబర్ అన్నాను.

ఏప్రిల్ 2. సోమవారం

నిన్న రాసిన ఆ ముక్క చదువుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది. ఉదయ్ నా మొగుడు కాబట్టి అతన్ని తిట్టుకుంటూ బతికేయొచ్చు. నన్నేం చేసుకోను?

కారుని మళ్ళీ మా కార్‌పోర్ట్‌కే తెచ్చి పడేశారు. ఉదయ్ డ్యూటీకి వెళ్ళగానే పాత చుడీదార్ వేసుకుని కిందికి దూరాను. ఎడమ బ్రాకెట్ అతుక్కున్న చోట ఇనుము చిరిగిన జాడే లేదు. స్టాంపు ఊడినట్టు ఊడొచ్చింది. పుట్టీ పెచ్చులు, కింద తుప్పు. కుడివైపు కడ్డీ వంగిపోయింది, ఇరుసు గొట్టం వంగింది, ఖాదర్ మొహిద్దీన్ వెల్డింగ్ మాత్రం ఒక్క చోట కూడా విడవలేదు.

డిజిటల్ కెమెరాతో నలభై ఒక్క ఫోటోలు తీశాను.

ఏప్రిల్ 3. మంగళవారం

ఫెయిల్యూర్ రిపోర్ట్ రాశాను. చెన్నైలో రాసేవాళ్ళం అలాగే. ఆరు పేజీలు. ఏది ఊడింది, ఎందుకు ఊడింది, ఎవరు ఏ తారీఖున ఏ వెల్డింగ్ చేశారు. టార్చి పట్టుకున్నది నేనని కూడా రాశాను. వెల్డర్ రెండుసార్లు హెచ్చరించాడని రాశాను. కింద సంతకం: చరిత, బి.ఇ. మెకానికల్. ఆ అక్షరాలు రాసి ఎన్నాళ్ళయిందో.

జైనాబ్‌కి ఫోన్ చేశాను. రేపు ఆడవాళ్ళ షాపింగ్ బస్సు ఉంది.

ఏప్రిల్ 4. బుధవారం

మాల్‌లో ఫ్యామిలీ సెక్షన్‌లో కూర్చున్నాం. జైనాబ్ ఆరు పేజీలూ చదివింది, లెక్కల పేపరు దిద్దినట్టు వేలు పెట్టి, ఒక్కో వరుసా. ఫోటోలు చూసింది. కాగితాలు కవర్లో పెట్టి బ్యాగులో వేసుకుంది.

అప్పుడు అడిగింది, ఆ రోజు మీ వంటింట్లో కూర్చున్నప్పుడు ఇది నీకు తెలుసా అని.

తెలుసు అన్నాను.

నా పిల్లల గురించి నేను చెబుతున్నప్పుడు కూడానా?

అవును.

ఆవిడ లేచింది. కాఫీ సగం కూడా తాగలేదు. నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. బస్సు వచ్చేదాకా రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఆవిడ తిట్టి ఉంటే బావుండేది.

ఏప్రిల్ 7. శనివారం

ఉదయ్ పదింటికే ఇంటికొచ్చేశాడు. చేతిలో నా రిపోర్ట్ కాపీ. అబ్దుల్ వహాబ్ నా ముందు ఒక్కో పేజీ తిప్పి ఇది నిజమా, ఇది నిజమా అని అడిగాడు, తెలుసా, అన్నాడు. నువ్వేమన్నావు అని అడిగాను. మూడో పేజీ దగ్గర ఒప్పుకున్నాడట.

మొగుడి మీద రిపోర్ట్ రాసే ఆడదాన్ని ఎక్కడా చూడలేదన్నాడు. నీకేం మిగిలిందని అడిగాడు. అప్రైజల్ పోయింది, పరువు పోయింది, ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు అన్నాడు. ఖాదర్ మొహిద్దీన్ సంగతి ఏమైందన్నాను. అతనికి తెలియదు. అడగలేదట. అంత జరిగాక కూడా ఆ ఒక్కటి అడగాలని తోచలేదు.

ఏప్రిల్ 8. ఆదివారం

అతను వంటింట్లో నిలబడి బ్రెడ్డు తింటున్నాడు.

ఏప్రిల్ 14. శనివారం

ఎగ్జిట్ ఆగింది. అబ్దుల్ వహాబ్ చేతికి కట్టుతోనే క్యాంపుకి వెళ్ళి, కంపెనీ వాళ్ళ ముందే ఖాదర్ మొహిద్దీన్‌కి క్షమాపణ చెప్పాడట. బయట పని చేసినందుకు మాత్రం వార్నింగ్ లెటర్ ఇచ్చి హుఫూఫ్ సైట్‌కి మార్చారు. ఇదంతా ఫోన్లో జైనాబ్ చెప్పింది. గొంతులో ఏమీ లేదు. వార్తలు చదివినట్టు చెప్పి పెట్టేసింది.

మే 3. గురువారం

మళ్ళీ జైనాబ్. కారుని హుఫూఫ్‌లో వాళ్ళ ఖర్జూరం తోటకి చేర్పించారట. అబ్దుల్ వహాబ్ దాన్ని వదులుకోనంటున్నాడు. మళ్ళీ మొదటి నుంచి చేయిస్తాడట. వెల్డింగ్ ఖాదర్ మొహిద్దీనే చెయ్యాలి, ఈసారి అతని కంపెనీని కాగితం మీద అడిగి. కొలతలు నువ్వు చూడాలి, అంది. నన్ను నమ్ముతున్నావా అని అడిగాను. నిన్ను కాదు, నీ రిపోర్ట్‌ని, అంది.

ఇక్కడ ఆడవాళ్ళు రోడ్డు మీద కారు నడపకూడదు, ఉదయ్ కార్లో తీసుకెళ్ళకపోతే నేను వెళ్ళలేను. తీసుకెళ్ళకపోతే అబ్దుల్ వహాబ్ ముఖం చూడలేనని అతనికి తెలుసు. తీసుకెళతానన్నాడు. ఇందులో కూడా లెక్క చూసుకున్నాడు.

మే 4. శుక్రవారం

తోటలో రేకుల షెడ్డు. ఖాదర్ మొహిద్దీన్ నన్ను చూసి సలాం చెప్పాడు. ఆ రోజు ఫోన్లో, అని మొదలుపెట్టాను. మీరేనని గొంతు పట్టి తెలిసిందమ్మా అన్నాడు. మా ఇంటామె మాబున్నీకి ఫోన్ చేసి వచ్చేస్తాండా అని గూడా చెప్పినా, ఆ పొద్దంతా ఆమె అన్నం తినలేదంట. నాకు కోపం పోలేదమ్మా, అబద్ధం ఎందుకు చెప్పల్ల. పని చూద్దాం పాండి, అన్నాడు.

పని చూశాం. తుప్పు పట్టిన భాగం మొత్తం కోసేశాడు. నేను కొలిచి చెబితే అతను మళ్ళీ కొలిచాడు. ప్రతి కొలతా, నా ఎదురుగానే. నాకు దక్కాల్సిందే అది.

ఉదయ్ షెడ్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకున్నాడు.

మే 25. శుక్రవారం. హుఫూఫ్

అయిపోయింది. అబ్దుల్ వహాబ్ భుజం ఇంకా కుదురుకోలేదు, నడపలేడు. తోట లోపలి దారి మీద నన్నే నడిపి చూపించమన్నారు. ముందు నీ మొగుణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టు, అప్పుడు నా పిల్లల్ని ఎక్కించే సంగతి చూస్తాను, అంది జైనాబ్.

ఉదయ్ కారు వంక చూశాడు. నా వంక చూశాడు. నడుం నొప్పి అన్నాడు.

ఖాదర్ మొహిద్దీన్ చేతులు గుడ్డకి తుడుచుకుని వెనక సీట్లోకి ఎక్కాడు. పోనియ్యమ్మా అన్నాడు.